సంతకం ఉన్న ఫిర్యాదు, బయటపడని పేరు

తెలుగునాట పేరు లేని ఉత్తరాన్ని ఆకాశరామన్న ఉత్తరమంటారు. నిజం చెప్పవలసి ఉండి, చెప్పినందుకు కలిగే కష్టానికి వెరచేవారు ఆ కల్పిత పురుషుని చాటున నిలబడతారు. పొట్టకూటికై నగరానికి వచ్చి, పనిచేసే చోట వివక్షకు గురైనవారిలో పలువురికి మొదట తోచేది కూడా ఆ ఉత్తరమే. వారి భయం నిరాధారమైనది కాదు. పనిలో చేర్పించిన మేస్త్రిది మన ఊరే. ఉండే పి.జి. హాస్టలులో సగం మంది అదే కర్మాగారంలో పనిచేసేవారు. ఇక్కడ ఉదయం అన్న మాట సాయంత్రానికి ఫోనులో స్వగ్రామం చేరుతుంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవచ్చు. ఊరిలో పడిన మాటను తుడుచుకోవడం అంత సులభం కాదు.

కావున ఈ పాఠం ఒక్క ప్రశ్నను పరిశీలిస్తుంది. పనిప్రదేశంలో జరిగిన అన్యాయంపై ఫిర్యాదు చేస్తూనే తన పేరు నలుగురి నోట పడకుండా కాపాడుకోవడం సాధ్యమా? చాలా వరకు సాధ్యమే. అయితే పేరు లేకపోవడం వేరు, పేరు గోప్యంగా ఉండడం వేరు అన్న సంగతి ముందుగా గ్రహించాలి. మొదటిదానికి చట్టం ఇచ్చే రక్షణ స్వల్పం. రెండవదానికి ఇచ్చేది గణనీయం.

పేరు లేని ఉత్తరంతో చిక్కు

బెంగళూరులోని పీణ్య, బొమ్మనహళ్ళి ప్రాంతాలలో ఉన్నటువంటి ఒక గార్మెంట్స్ కర్మాగారాన్ని ఊహించుకుందాం. ఒక టైలరు తన సూపర్‌వైజరుపై యాజమాన్యానికి ఇలా ఉత్తరం రాసింది: "నేను అనంతపురం వైపు నుండి వచ్చి రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. మా లైనులో తెలుగువాళ్ళం ఇద్దరమే. పోయిన శుక్రవారం నేను ఓ.టి. చేయనన్నందుకు అతడు అసభ్యంగా మాట్లాడాడు." కింద సంతకం లేదు. సంతకం లేకపోయినా ఉత్తరం నిండా ఆమే ఉంది. ఏ జిల్లా, ఎన్నేళ్ళ అనుభవం, ఏ లైను, శుక్రవారం ఓ.టి. కాదన్నది ఎవరు అని చూస్తే ఆమెను గుర్తుపట్టడానికి సూపర్‌వైజరుకు అర నిమిషం చాలు. ఆమె ఎవరో అతనికి తెలిసిపోయింది. తాను రాసినట్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. రేపు అతడు కక్షగట్టి పని నుండి తొలగిస్తే, ఫిర్యాదు చేసినందుకే తొలగించారని చూపడానికి ఆమె చేతిలో కాగితం ఉండదు.

పరభాషా ప్రాంతంలో పనిచేసే మనవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పదిమంది తెలుగువారున్న చోట తెలుగులో రాసిన ఉత్తరం అనుమానాన్ని ఒక్కసారిగా ఆ పదిమందికి కుదించివేస్తుంది.

పైగా విచారణ అన్నది ఇరుపక్షాల మాట వినవలసిన ప్రక్రియ. నిందితునికి సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వనిదే శిక్ష విధించరాదన్నది సహజ న్యాయసూత్రం. ఫిర్యాదుదారు ఎవరో తెలియనప్పుడు ఎవరిని ప్రశ్నించాలి, ఎవరి సాక్ష్యం నమోదు చేయాలి? అందువల్ల పేరు లేని ఉత్తరాలు ఎక్కువగా అలమారలోనే ఉండిపోతాయి. వాటికి బొత్తిగా విలువ లేదని కాదు. స్టాక్ మార్కెట్టులో నమోదైన కంపెనీలు అక్రమాలను తెలియజేసేవారి కోసం ఒక యంత్రాంగాన్ని నెలకొల్పాలని, దానిని వాడుకున్నవారు వేధింపులకు గురికాకుండా చూడాలని 2013 నాటి కంపెనీల చట్టం 177వ సెక్షన్ ఆదేశిస్తున్నది. ఒక విభాగమంతటా సాగుతున్న అక్రమం గురించి హెచ్చరించడానికి అటువంటి మార్గం పనికివస్తుంది. మీకు జరిగిన అన్యాయానికి పరిహారం కావాలంటే మాత్రం మీరెవరో ఎవరో ఒకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నదే తక్కిన పాఠం.

2013 చట్టం ఇచ్చిన గోప్యత

ప్రైవేటు ఉద్యోగాలలో అన్ని రకాల వివక్షకూ వర్తించే ఒకే చట్టం మన దేశంలో లేదు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క చట్టం, ఒక్కొక్క ద్వారం. వాటిలో ఫిర్యాదుదారు గోప్యతను వివరంగా పట్టించుకున్నది పనిప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం. సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి మూలం. లైంగిక వేధింపు స్త్రీకి రాజ్యాంగం ఇచ్చిన సమానత్వపు హక్కుకే భంగమని ఈ చట్టం తన పీఠికలోనే ప్రకటించింది. వేధింపును సహించలేదన్న కోపంతో ఉద్యోగానికి ముప్పు తలపెట్టడం, పనిచేయలేని వాతావరణం కల్పించడం కూడా దీని పరిధిలోకి వస్తాయి. కావున దీనిని ఇక్కడ కొంత విస్తారంగా చెప్పుకుందాం.

ఈ చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదులోని విషయాలను, బాధితురాలి పేరును, చిరునామాను, ప్రతివాది వివరాలను, సాక్షుల వివరాలను, విచారణలో జరిగినదానిని, చివరకు తీసుకున్న చర్యను సైతం ప్రజలకు గాని, పత్రికలకు గాని ఏ రూపంలోనూ వెల్లడించరాదని నిషేధించింది. సమాచార హక్కు చట్టం కింద అడిగినా ఇవ్వరాదు. ఒక బాధితురాలికి న్యాయం జరిగిందన్న సంగతిని చెప్పవచ్చు. ఆమె ఎవరో పోల్చుకునేలా చెప్పరాదు. ఫిర్యాదును నిర్వహించే బాధ్యత గలవారు దీనిని ఉల్లంఘిస్తే వారి నుండి 5,000 రూపాయలు వసూలు చేయాలని నియమాలు చెబుతున్నాయి. ఒక స్త్రీ పరువుకు ఇది చాలా చిన్న వెల అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయినా నోరు జారిన అధికారిని లిఖితపూర్వకంగా నిలదీయడానికి ఇది ఆధారమవుతుంది.

ఈ నిషేధం రెండువైపులా పదునున్నదని మరువరాదు. ప్రతివాది పేరు కూడా గోప్యమే. ఫిర్యాదు ఇచ్చిన నాడే అతని ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం, హాస్టలు గ్రూపులో చర్చకు పెట్టడం చట్టరీత్యా సరికాదు. విచారణలో మీ పక్షం బలహీనపడుతుంది కూడా.

పేరు ఎవరెవరికి తెలుస్తుంది

ఈ ప్రశ్నకు దాపరికం లేని సమాధానం అవసరం. ప్రతివాదికి మీ పేరు తెలుస్తుంది. ఫిర్యాదు అందిన 7 పనిదినాలలో దాని ప్రతిని కమిటీ అతనికి పంపాలి. అతడు 10 పనిదినాలలో జవాబు ఇవ్వాలి. ఇది తప్పించుకోలేని దశ. అయితే అతనికి తెలియవలసినది మీరు చేసిన ఆరోపణ మాత్రమే. మీరు ఏ వీధిలో ఉంటున్నారన్నది అతనికి అనవసరం. అందుచేత హాస్టలు చిరునామా, సొంత ఫోను నంబరు, ఊరిలోని ఇంటి వివరాలు ఫిర్యాదు పాఠంలో రాయకండి. వాటిని వేరొక కాగితంపై రాసి, "ఈ పుట కమిటీ ఉపయోగానికి మాత్రమే, ప్రతివాదికి ఇవ్వవద్దని మనవి" అని పైన సూచించి జతపరచండి. సాక్షుల పేర్లు, చిరునామాలు కమిటీకి ఇవ్వవలసిందే. వాటిని కూడా అదే పుటలో ఉంచి, ఫిర్యాదు పాఠంలో "మొదటి సాక్షి", "రెండవ సాక్షి" అని పేర్కొనండి.

ఇక కమిటీ. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు ఉన్నత స్థాయిలో పనిచేసే మహిళ. సభ్యులలో సగానికి తగ్గకుండా మహిళలు. ఒకరు సంస్థకు బయటి వ్యక్తి. కమిటీని నియమించిన ఉత్తర్వును అందరికీ కనబడే చోట ప్రదర్శించడం యజమాని విధి. నోటీసు బోర్డు వద్ద ఆ పేర్లు రాసుకోండి. ఫిర్యాదును అధ్యక్షురాలికి గాని, బయటి సభ్యురాలికి గాని నేరుగా అందజేసి, తేదీతో రసీదు పొందండి. హెచ్.ఆర్. గుమాస్తాకో, ఫ్లోర్ ఇన్‌చార్జికో ఇస్తే, తెలియవలసిన అవసరం లేని ఇద్దరు ముగ్గురికి మీ చేతులతోనే తెలియజేసినట్లవుతుంది.

పదిమంది కంటె తక్కువ పనిచేసే దుకాణమో, క్లినిక్కో, ఇంటిపనో అయితే, లేదా ఆరోపణ స్వయంగా యజమానిపైనే అయితే, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. అక్కడివరకు వెళ్ళలేనివారి కోసం పట్టణాలలో వార్డు లేదా మునిసిపాలిటీ స్థాయిలో ఒక నోడల్ అధికారిని నియమించాలని చట్టం నిర్దేశించింది. ఆ అధికారి ఫిర్యాదును 7 రోజులలో స్థానిక కమిటీకి పంపాలి. ఇళ్ళలో పనిచేసే సోదరీమణులు ఒక విషయం ముందే తెలుసుకోవాలి: వారి ఫిర్యాదులో ప్రాథమిక ఆధారం కనిపిస్తే స్థానిక కమిటీ దానిని 7 రోజులలో పోలీసులకు పంపుతుంది. అంటే పేరు తెలిసేవారి వలయం అక్కడ కొంత పెద్దదవుతుంది.

కేంద్ర ప్రభుత్వపు షీ-బాక్స్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు వివరాలు కమిటీ అధ్యక్షురాలికి తప్ప ఇతరులకు కనిపించకుండా ఏర్పాటు చేసినట్లు ప్రభుత్వం తెలిపింది. దానిని తెరవడానికి కంపెనీ కంప్యూటరును, కంపెనీ ఇచ్చిన ఫోనును వాడకండి.

రాసేవారు, తర్జుమా చేసేవారు, జిరాక్సు తీసేవారు

పేరు బయటపడేది తరచు కమిటీ గదిలో కాదు, అక్కడికి చేరకముందే. ఫిర్యాదు ప్రతులు ఆరు ఇవ్వాలని నియమం. ఫ్యాక్టరీ గేటు ఎదుటి దుకాణంలో ఆరు ప్రతులు జిరాక్సు తీయిస్తే ఆ సాయంత్రానికి గేటు దాటిన ప్రతివారికీ కబురు అందుతుంది. రెండు బస్ స్టాపులు దాటి వెళ్ళండి. ఫైలును డి.టి.పి. సెంటరులో టైపు చేయిస్తే మీ ఎదుటే దానిని తొలగించమనండి.

భాష మన ప్రజలకు అసలైన చిక్కు. ఫిర్యాదు ఫలానా భాషలోనే ఉండాలని చట్టం చెప్పలేదు. రాయలేనివారికి కమిటీ సభ్యులే తగిన సహాయం చేసి రాయించాలని మాత్రం స్పష్టంగా చెప్పింది. కన్నడం రాదన్న కారణంతో మేస్త్రి చేతనో, అదే లైనులో పనిచేసే పరిచయస్తుని చేతనో రాయించుకోవడం ఎక్కువగా జరుగుతున్నది. అది మానుకోవాలి. తెలుగులోనే రాసి ఇవ్వండి, లేదా మీ పనిచోటుతో సంబంధం లేనివారి చేత తర్జుమా చేయించండి. ఇంకొక పద్ధతి కూడా ఉంది: ఏ కారణంచేతనైనా బాధితురాలు స్వయంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, జరిగిన సంగతి తెలిసిన మరొక వ్యక్తి ఆమె లిఖితపూర్వక అంగీకారంతో ఫిర్యాదు చేయవచ్చునని 2013 నియమాలు అనుమతిస్తున్నాయి. విచారణలో ఆమె పేరు రాకుండా ఉండదు. గుమ్మం ఎక్కే మొదటి అడుగు మాత్రం మరొకరు వేస్తారు.

ఫిర్యాదులో ఏమి రాయాలి? జరిగిన తేదీ, వేళ, చోటు, అన్న మాట, చేసిన పని, దాని తర్వాత మీ పనిలో వచ్చిన మార్పు. పైన చెప్పిన టైలరు రాయవలసినది ఈ విధంగా ఉండవచ్చు: "ఫలానా తేదీ సాయంత్రం సుమారు ఆరు గంటలకు, కటింగు బల్ల వద్ద, ఓ.టి. చేయలేనని నేను చెప్పినప్పుడు ప్రతివాది ఈ మాటలు అన్నాడు. ఆ సమయంలో మొదటి సాక్షి సమీపంలో ఉన్నది. మరునాటి నుండి నన్ను సహాయకురాలి పనికి మార్చారు." అతడన్న మాట కన్నడంలోనో హిందీలోనో ఉంటే, వినిపించిన తీరుగానే తెలుగు లిపిలో రాసి, దాని కింద అర్థం ఇవ్వండి. సిగ్గుతో ఆ మాటను మింగి "అసభ్యంగా మాట్లాడాడు" అని సరిపెట్టుకుంటే కమిటీకి తేల్చడానికి ఏమీ మిగలదు. మీ జిల్లా, కులం, పెళ్ళి, ఇంటి ఇబ్బందులు ఆరోపణకు సంబంధించినవైతే తప్ప రాయకండి. సానుభూతి కోసం రాసిన ప్రతి వివరమూ మిమ్మల్ని పోల్చుకోవడానికి ఒక గుర్తే.

ఘటన జరిగిన 3 నెలలలో ఫిర్యాదు ఇవ్వాలి. పలుమార్లు జరిగితే చివరిదాని నుండి లెక్క. తగిన కారణం చూపితే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పొడిగించవచ్చు. కాంట్రాక్టరు ద్వారా చేరినవారు, శిక్షణలో ఉన్నవారు కూడా ఫిర్యాదుకు అర్హులే. కాంట్రాక్టు పనివారు తమకు ఈ హక్కు లేదనుకోవడం చూస్తుంటాము, అది అపోహ.

పెద్దమనుషుల రాజీ

ఇటువంటి సంగతి పొక్కగానే మనవారిలో పెద్దమనుషులు కూడడం పరిపాటి. "ఎందుకమ్మా ఈ గొడవ, పిలిచి మందలిస్తాంలే" అంటారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఆ పంచాయతీలో కూర్చున్న ఒక్కరిపైనా 16వ సెక్షన్ ప్రకారం కమిటీకి ఉన్నటువంటి బాధ్యత ఉండదు. రాజీ కావాలనుకుంటే ఈ చట్టంలోనే దానికి చోటున్నది: విచారణ మొదలు కాకముందు బాధితురాలు తానే కోరితే కమిటీ రాజీ కుదుర్చవచ్చు, డబ్బు దానికి ప్రాతిపదిక కారాదు. నాలుగు గోడల మధ్య, రాతపూర్వకంగా జరిగే ఆ రాజీకీ, హాస్టలు మేడమీద జరిగే రాజీకీ చాలా దూరం.

ఇతర వివక్షల విషయంలో

ఎయిడ్స్, హెచ్.ఐ.వి. పై 2017లో వచ్చిన చట్టం గోప్యత విషయంలో మరొక మెట్టు పైకి వెళ్ళింది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదు. ఆ కారణంతో తొలగించరాదు. వ్యక్తి సమ్మతి లేకుండా ఆ స్థితిని వెల్లడించరాదు. వందమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో, ఆరోగ్య సంస్థలైతే ఇరవైమంది ఉన్నచోటనే, ఫిర్యాదుల అధికారి ఉండాలి. వ్యవహారం న్యాయస్థానానికి చేరితే, బాధితులు కోరిన మీదట రికార్డులలో అసలు పేరు బదులు మారుపేరు వాడమని, విచారణను తలుపులు మూసి జరపమని కోర్టు ఆదేశించవచ్చు. ఆకాశరామన్నకు చట్టం ఇచ్చిన చోటు ఇదొక్కటే అనిపిస్తుంది. అది కూడా అసలు పేరు న్యాయమూర్తికి తెలిసిన తర్వాతనే. లైంగిక వేధింపుల చట్టం కింద వచ్చిన ఒక కేసులో బొంబాయి హైకోర్టు 2021లో ఇరుపక్షాల పేర్లకు బదులు అక్షరాలు మాత్రమే వాడుతూ ఉత్తర్వు ఇచ్చింది. కేసు కోర్టుకు వెళ్ళేటప్పుడు అటువంటి గోప్యతను కోరమని మీ న్యాయవాదిని అడగండి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి సంస్థలోను ఫిర్యాదుల అధికారి ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ సంస్థలలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. కులం పేరిట అవమానం జరిగితే దారి వేరు: షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టం కింద పోలీసు కేసు అవుతుంది. 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షన్ ప్రకారం సాక్షుల పేర్లు, చిరునామాలు ప్రజలకు అందే రికార్డులలో కనబడకుండా చూడమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు. ఈ విషయమై 14566 నంబరుకు ఫోను చేయవచ్చు.

మన భాషను గాని, ప్రాంతాన్ని గాని ఎత్తిచూపి ప్రైవేటు సంస్థలో చేసే వివక్షకు ప్రత్యేక కమిటీ ఏదీ చట్టంలో లేదు. ఇరవైమంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఉండవలసిన ఫిర్యాదుల పరిష్కార కమిటీ వద్దకు వెళ్ళవచ్చు. అయితే అక్కడ 16వ సెక్షన్ వంటి కవచం లేదు. కాబట్టి కార్మిక సంఘం ద్వారా, నలుగురైదుగురు కలిసి సంతకం చేసి ఇవ్వడం మేలు. ఒకరి పేరు పదిమంది పేర్లలో కలిసిపోతుంది.

ఫిర్యాదు ఇచ్చిన తర్వాత

లైంగిక వేధింపుల విచారణను 90 రోజులలో ముగించాలి. ఆలోగా ప్రతివాది కిందనే పనిచేయవలసి రావడం చాలామందికి దుర్భరం. కమిటీకి లిఖితపూర్వకంగా కోరితే మిమ్మల్ని గాని, అతనిని గాని వేరొకచోటికి మార్చమని, మీకు మామూలు సెలవుకు అదనంగా 3 నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. మీ పనితీరుపై అతడు నివేదిక రాయకుండా నిలుపుదల చేయమని కూడా కోరవచ్చు. ఈ చివరి కోరిక చాలామందికి తెలియదు. మార్పు కోరితే అందరి దృష్టి పడుతుందని వెనుకాడేవారికి ఇది అనువైనది, ఎందుకంటే ఎవరూ బల్ల మారరు, బయటివారికి ఏమీ కనిపించదు.

ఆరోపణను రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారును శిక్షించరాదని 14వ సెక్షన్ చెబుతున్నది. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినట్లు విడిగా విచారించి తేల్చినప్పుడే చర్య. విచారణ ముగిసిన 10 రోజులలో నివేదిక యజమానికి చేరాలి, మీకూ అందుబాటులో ఉంచాలి. దానిపై యజమాని 60 రోజులలో చర్య తీసుకోవాలి. తృప్తి కలగకపోతే 90 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

కమిటీ ఎదుట న్యాయవాదిని నిలబెట్టుకునే అవకాశం ఉభయులకూ లేదు. బయట సలహా తీసుకోవడానికి అడ్డు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉచిత సహాయం అందిస్తుంది, ఫోను 15100. మహిళల సహాయవాణి 181. ఫోను చేసినప్పుడు మొదటి మాటలోనే పేరు, కంపెనీ చెప్పనక్కరలేదు. సంగతి చెప్పి, సలహా విని, పేరు ఎప్పుడు ఎవరికి చెప్పాలో తర్వాత నిర్ణయించుకోండి. రసీదును, ఫిర్యాదు ఏడవ ప్రతిని హాస్టలు పెట్టెలో ఉంచకుండా, పనిచోటుతో సంబంధం లేని నమ్మకస్తుల ఇంట దాచండి.